ఈగ వాలాక గడిచే గంటలే అసలు ప్రమాదం

ఆహారం మీద మూత పెట్టమని అందరూ చెబుతారు. ఎందుకని అడిగితే ఈగలు వాలతాయంటారు. వాలితే ఏమవుతుందని అడిగితే మాత్రం జవాబు నసుగుతుంది. ఆ సంగతి సరిగ్గా తెలియకపోవడం వల్లే ఈగను చేత్తో తోలేస్తే చాలనుకుంటాం, పల్చటి గుడ్డ కప్పేస్తే పనైపోయిందనుకుంటాం, రాత్రి మిగిలింది పొద్దున ఒక్క పొంగు రానిస్తే మళ్లీ కొత్తదైపోతుందనుకుంటాం. ఈ మూడింట్లో ఏదీ పూర్తిగా నిజం కాదు. ఎందుకు కాదో, దాని బదులు ఏం చేయాలో కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఈగ తినే తీరు చూద్దాం. ఇళ్లలో తిరిగే మామూలు ఈగకు కొరికే పళ్లు లేవు, నమిలే దవడలు లేవు. మూతి చివర స్పాంజిలాంటి మెత్తటి భాగం ఉంటుంది. దాని అడుగున వెంట్రుకవాసి కాలువలుంటాయి, వాటి గుండా ద్రవాన్ని పీల్చుకుంటుంది. ఘనపదార్థం తినాలంటే ముందు దాన్ని కరిగించుకోవాలి. చక్కెర పలుకు మీద వాలిన ఈగను దగ్గరగా గమనిస్తే తెలుస్తుంది: మూతిని కిందికి చాచి పలుకును తడుపుతుంది, కాసేపు ఆగి పీల్చుతుంది, మళ్లీ తడుపుతుంది. ఆ తడి దాని లాలాజలం ఒక్కటే కాదు. అంతకుముందు ఎక్కడో తాగి లోపల ఒక సంచిలో దాచుకున్న ద్రవం కూడా అందులో ఉంటుంది. ఆ సంచిలో బాక్టీరియా చావకుండా ఉండగలదు, కొన్ని రకాలు పెరుగుతాయి కూడా. అంటే ఈగ మన పళ్లెంలో కక్కి తింటుంది. తింటున్నంతసేపూ మాటిమాటికీ రెట్ట కూడా వేస్తుంది. కిటికీ అద్దం మీద, బల్బు తీగల మీద కనిపించే చుక్కల్లో లేత గోధుమ రంగువి ఎక్కువగా కక్కినవి, ముదురు రంగువి రెట్టలు. అద్దం మీద కనిపిస్తాయి, కూరలో కనిపించవు. తేడా అంతే.

ఇక కాళ్లు. ఆరు కాళ్ల చివరా జిగురున్న సన్నని నూగుతో మెత్తటి దిండ్లు ఉంటాయి. ఆ జిగురు వల్లే ఈగ అద్దం మీదా పైకప్పు మీదా నడవగలుగుతుంది. పెంట మీద నడిచినప్పుడు అంటుకున్నదాన్ని మన గిన్నె అంచుదాకా మోసుకొచ్చేదీ ఆ జిగురే. ఈగ రుచి చూసేది కూడా కాళ్లతోనే. అందుకే వాలగానే అటూఇటూ నడుస్తుంది. ఒక్క క్షణం వాలి లేచిన ఈగ కాళ్లకున్నది వదిలిపోతుంది. అర నిమిషం కూర్చున్న ఈగ కాళ్లది, కడుపులోది రెండూ వదులుతుంది.

దీనికి పాత సాక్ష్యం ఒకటుంది. 1898లో స్పెయిన్‌తో యుద్ధానికి సిద్ధమవుతున్న అమెరికా సైనిక శిబిరాల్లో టైఫాయిడ్ చెలరేగి సుమారు 20 వేల మంది సైనికులు జబ్బుపడ్డారు. కారణం తేల్చడానికి వాల్టర్ రీడ్, విక్టర్ వాన్, ఎడ్వర్డ్ షేక్‌స్పియర్ అనే ముగ్గురు వైద్యులను నియమించారు. మరుగుదొడ్డి గోతుల్లో చల్లిన తెల్లటి సున్నం భోజనాల దగ్గర ఆహారం మీద పాకుతున్న ఈగల కాళ్లకు కనిపించిందని ఆ పరిశీలనలో నమోదైంది. ఇంతకన్నా కంటికి కట్టే రుజువు ఏముంటుంది! ఈగలొక్కటే కారణమని వాళ్లు అనలేదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడం, చేతుల ద్వారా, బట్టల ద్వారా పాకడం కూడా ముఖ్యమేనన్నారు. అది గుర్తుంచుకోవాల్సిన విషయం, కింద మళ్లీ వస్తాను.

ఆధునిక లెక్కలూ ఉన్నాయి. ఇజ్రాయెల్ సైనిక శిబిరాల్లో ఎరలు పెట్టి ఈగలను పట్టే ప్రయోగం ఒకటి చేసి, ఫలితాలను 1991లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఈగల సంఖ్య 64 శాతం తగ్గింది. విరేచనాలతో ఆసుపత్రికి వచ్చేవాళ్లు 42 శాతం తగ్గారు. షిగెల్లా అనే బాక్టీరియా వల్ల వచ్చే రక్త విరేచనాలైతే 85 శాతం తగ్గాయి. షిగెల్లాకే ఇంత తేడా రావడానికి కారణముంది. ఆ జబ్బు రావడానికి పదుల సంఖ్యలో, మహా అయితే వంద కణాలు కడుపులోకి వెళ్తే చాలు. ఈగ కాళ్ల మీద అన్ని సులువుగా పడతాయి. పెరగడానికి వాటికి సమయం కూడా అక్కర్లేదు. సాల్మొనెల్లాలాంటి వాటికి సాధారణంగా అంతకన్నా చాలా ఎక్కువ కణాలు కావాలి. ఈగ తెచ్చిన కొద్దిపాటి కణాలు ఆహారంలో ముందు పెరగాలి. ఇక్కడే గంటల లెక్క మొదలవుతుంది.

అనువైన వెచ్చదనంలో చాలా బాక్టీరియాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఈగ 100 కణాలు వదిలిందనుకోండి. పెరుగుదల మొదలయ్యాక రెండు గంటల్లో 6,400 అవుతాయి. నాలుగు గంటల్లో 4,09,600. ఆరు గంటల్లో 2 కోట్ల 62 లక్షలు. నిజజీవితంలో మొదట కొంతసేపు స్తబ్దత ఉంటుంది, ఆహారాన్ని బట్టి వేగం మారుతుంది, కాబట్టి ఈ అంకెలను పట్టుకుని గడియారం చూసుకోనక్కర్లేదు. కానీ మొదటి రెండు గంటలకూ తర్వాతి రెండు గంటలకూ మధ్య తేడా ఎంత ఉందో చూడండి. వండినదాన్ని బయట 2 గంటలకు మించి ఉంచవద్దనే నియమం ఇందులోంచే వచ్చింది. గది వేడి 32 డిగ్రీలు దాటితే అది ఒక్క గంటే.

ఏ వేడిలో పెరుగుతాయి? 5 డిగ్రీల సెల్సియస్ నుంచి 60 డిగ్రీల మధ్య. 60 పైన చాలావరకు పెరగలేవు, 5 కింద చాలా నెమ్మదిస్తాయి. ఈ రెండు అంకెలు గుర్తుంటే వంటింటి జాగ్రత్తల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయి. గోరువెచ్చగా ఉండటమే అన్నిటికన్నా చెడ్డ స్థితి. వేడిగా ఉంచాలంటే పొగలు కక్కేలా ఉంచండి, చల్లగా ఉంచాలంటే ఫ్రిజ్‌లో పెట్టండి.

"తినేముందు మరిగిస్తాం కదా" అనే వాదన గురించి. మరిగిస్తే బతికున్న బాక్టీరియా చస్తుంది, నిజమే. కానీ కొన్ని బాక్టీరియాలు పెరిగే క్రమంలో ఆహారంలోకి విషాన్ని వదులుతాయి. చర్మం మీద, ముక్కులో, పుండ్లలో ఉండే స్టెఫలోకాకస్ ఆరియస్ అలాంటిదే. వండిన ఆహారంలోకి అది ఎక్కువగా వంటవాళ్ల చేతుల ద్వారా చేరుతుంది. దాని విషం అరగంట మరిగించినా పోదు. అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ ఇంకా మొండిది. దాని బీజాలు ఉడకబెట్టినా చావవు. అన్నం గోరువెచ్చగా మిగిలినప్పుడు అవి మొలకెత్తి పెరిగి, వాంతులు పుట్టించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం 121 డిగ్రీల వేడిని గంటన్నర తట్టుకుంటుంది, ఏ ప్రెషర్ కుక్కరూ దాన్ని ఏమీ చేయలేదు. రాత్రంతా గట్టు మీద ఉన్న అన్నాన్ని పొద్దున వేడిచేసి తింటే వచ్చే వాంతుల వెనుక తరచూ ఉండేది ఇదే. అందులో ఈగ పాత్ర అసలు లేకపోవచ్చు. మూత బిగించి పెట్టిన గిన్నెలోనూ ఇది జరుగుతుంది.

అందుకే మూత ఒక్కటే చాలదంటాను. మూత బయటినుంచి వచ్చేదాన్ని ఆపుతుంది, లోపల ఉన్నదాన్ని ఆపదు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న: ఈగ వాలింది, పారేయాలా? నా తీర్పు ఇది. వేడివేడిగా వడ్డించిన పళ్లెం మీద ఒక ఈగ ఒక్క క్షణం వాలి లేచింది, మీరు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు, వెంటనే తినబోతున్నారు. ఇలాంటప్పుడు ప్రమాదం తక్కువ, అది వాలిన చోట చుట్టూ కాస్త తీసేసి తినొచ్చు. అలాగని ప్రమాదం సున్నా కాదు, షిగెల్లా సంగతి పైన చెప్పాను. అదే పదార్థం చల్లారి, తడిగా, గంటల తరబడి తెరిచి ఉండి, ఈగలు ఎన్నిసార్లు వాలాయో లెక్క లేకపోతే పారేయండి. మాంసం, చేప, గుడ్డు, పాలు, అన్నం, ఉడికించిన పప్పులు, కోసిన పండ్లు ఈ జాబితాలోకి వస్తాయి. పొడిగా ఉన్న రొట్టె, బిస్కెట్, ఉప్పు, చక్కెరల మీద బాక్టీరియా పెరగలేదు కాబట్టి వాటికి కొంత వెసులుబాటు ఉంది. తొక్క ఉన్న పండును కడిగి తొక్క తీస్తే సరిపోతుంది. తినేది పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు, జబ్బుతో ఉన్నవాళ్లు అయితే ఈ వెసులుబాట్లేవీ లేవు. అనుమానం ఉంటే పారేయడమే. వాసన చూసి, రుచి చూసి తేల్చుకోవచ్చనుకోకండి. జబ్బు తెచ్చే బాక్టీరియా చాలావరకు వాసన మార్చదు. పుల్లబడి కంపు కొట్టించేవి వేరే రకాలు.

మూతల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే తప్పులు ఇక్కడే జరుగుతాయి. గిన్నెకు సరిపడే గట్టి మూత అన్నిటికన్నా మేలు. జాలీ మూత వాడితే అది ఆహారానికి తగలకూడదు. మధ్యలో కనీసం రెండు మూడు అంగుళాల ఎడం ఉండాలి. తగిలితే ఈగ జాలీ మీద కూర్చుని రంధ్రాల్లోంచి మూతి దించి తాగుతుంది, పైనుంచే కక్కుతుంది. మాంసపు ఈగలని ఒక జాతి ఉంది. అవి గుడ్లు పెట్టవు, బతికున్న పిల్లపురుగులనే వదులుతాయి. జాలీ మీద కూర్చుని కింద ఉన్న మాంసం మీదికి వాటిని జారవిడవగలవు. గుడ్డ కప్పడంలోనూ ఇదే ఇబ్బంది. గుడ్డ మధ్యలో కుంగి కూరకు తగిలితే తడి పైకి పీలుస్తుంది, ఈగకు అదే విందు. గుడ్డే వాడాల్సివస్తే గిన్నె అంచు చుట్టూ బిగించి కట్టండి, ఆహారం గిన్నె సగానికి కిందే ఉండాలి. కప్పిన గుడ్డనే చేతులు తుడుచుకోవడానికి వాడకండి.

జాలీ కన్ను ఎంత ఉండాలి? కిటికీలకు కొట్టే దోమల జాలీ ఇంటి ఈగను ఆపుతుంది. పండ్ల చుట్టూ ముసిరే బుల్లి ఈగలకు ఒక మిల్లీమీటరు, అంతకన్నా సన్నని కన్ను కావాలి. గొడుగులా విప్పే జాలీలు బాగానే పనిచేస్తాయి కానీ అంచులు బల్లకు ఆనకుండా లేస్తుంటాయి. ఈగలు పైనుంచి రానక్కర్లేదు, ఆ సందులోంచి నడిచి వస్తాయి. అంచు మడతలో సన్న గొలుసో పూసలో కుట్టి బరువు పెడితే సరి. ఒకవేళ ఈగ లోపల చిక్కుకుంటే జాలీ వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ, రోజంతా అది అక్కడే తింటుంది. కప్పేముందు ఒకసారి చూడండి.

వేడి ఆహారానికి మూత పెడితే ఆవిరి పట్టి నీళ్లు కారుతాయి, పైగా చల్లారదు. మూత తీస్తే ఈగలు. దీనికి పరిష్కారం పాత్ర మార్చడం. లోతైన గిన్నెలో ఉన్నదాన్ని వెడల్పాటి పళ్లేల్లోకి 5 సెంటీమీటర్లకు మించని మందంలో పరిచి, పైన ఎత్తుగా జాలీ పెట్టండి. ఆవిరి పోతుంది, ఈగ రాదు. పొగలు తగ్గగానే మూత ఉన్న డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. ద్రవపదార్థమైతే గిన్నెను చల్లటి నీళ్ల తొట్టిలో నిలబెట్టి గరిటెతో తిప్పుతూ ఉండండి, నీళ్లు వెచ్చబడితే మార్చండి. లక్ష్యం ఇది: 60 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడినుంచి 5 డిగ్రీలకు మరో నాలుగు గంటల్లో దిగాలి. పది లీటర్ల పాత్రను అలాగే వదిలేస్తే పైన చల్లగా అనిపించినా నడిమధ్యన తెల్లారేదాకా వెచ్చగానే ఉంటుంది. పెద్ద వంటల్లో మాంసం, పప్పు అలా చెడిపోయేది అందుకే. క్లాస్ట్రీడియం పర్ఫ్రింజెన్స్ అనే బాక్టీరియాకు 43 నుంచి 47 డిగ్రీల వేడి బాగా నచ్చుతుంది, అక్కడ అది 20 నిమిషాలు కూడా తీసుకోదు, పది నిమిషాలకే రెట్టింపవుతుంది.

వేడి తగ్గకుండా ఫ్రిజ్‌లో పెట్టకూడదనేది సగమే నిజం. పెద్ద గిన్నెను మరుగుతుండగా పెడితే పక్కన ఉన్నవి వెచ్చబడతాయి, నిజమే. చిన్న డబ్బాల్లో ఆవిరి పోయాక పెడితే ఏమీ కాదు. పూర్తిగా చల్లబడేదాకా బయట ఉంచితేనే నష్టం. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలో అంతకన్నా తక్కువో ఉందని ఒక చవక థర్మామీటరుతో చూసుకోండి. తలుపు మీది అంకెను నమ్మకండి, చాలా ఫ్రిజ్‌లలో ఆ 1 నుంచి 5 అంకెలు డిగ్రీలు కావు. గాలి తిరగడానికి సందు వదలకుండా కుక్కితే ఎంత చల్లగా తిప్పినా లాభం లేదు. మళ్లీ వేడిచేసేటప్పుడు నడిమధ్యన 74 డిగ్రీలు రావాలి. థర్మామీటరు లేకపోతే అడుగునుంచి కలుపుతూ అంతటా బుడగలు వచ్చేలా కాచండి. ఎంత తింటారో అంతే తీసి వేడిచేయండి, రెండోసారి వద్దు.

ఇక ఈగ లేకుండానే ఆహారం కలుషితమయ్యే తీరు. పైన 1898 నాటి వైద్యులు చెప్పిన చేతుల సంగతి ఇదే. ఈగలను చూసి అసహ్యించుకుంటాం కాబట్టి వాటిని తోలతాం. మసిగుడ్డను చూసి ఎవరూ అసహ్యించుకోరు, అదే ఎక్కువ పని చేస్తుంది. పచ్చి మాంసం నీళ్లు కారిన గట్టును తుడిచి, దాంతోనే పళ్లెం తుడిచి, తడిగా ముద్ద చేసి సింకు పక్కన పడేస్తాం. తడి, వెచ్చదనం, మెతుకులు మూడూ అక్కడే దొరుకుతాయి. గుడ్డలు కనీసం మూడు ఉండాలి: గట్టుకు ఒకటి, అంట్లకు ఒకటి, చేతులకు ఒకటి. రోజూ వేడినీళ్లలో సబ్బుతో ఉతికి ఎండలో పూర్తిగా ఆరేయాలి. అంట్లు తోమే స్పాంజి వాసన వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైంది, పారేయండి.

పచ్చి మాంసానికి, చేపకు వేరే పలక, వేరే కత్తి. రెండు పలకలు లేకపోతే పచ్చిగా తినే కూరగాయలను, పండ్లను ముందు కోసి, మాంసాన్ని చివర కోయండి. క్రమం మార్చడానికి ఖర్చు లేదు. కోడిమాంసాన్ని కొళాయి కింద కడగడం మానేయండి. నీళ్లు చిందిన చోటల్లా బాక్టీరియా పడుతుంది, మాంసం మీదిది ఎలాగూ ఉడికితే చస్తుంది. ఫ్రిజ్‌లో పచ్చి మాంసం అన్నిటికన్నా కింది అరలో, అంచులున్న పాత్రలో ఉండాలి. పైన పెడితే కారే చుక్క వండినవాటిలో పడుతుంది. వంటకు ముందు, పచ్చి మాంసం ముట్టుకున్నాక, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, పిల్లల మలం శుభ్రం చేశాక, చెత్త తీశాక సబ్బుతో 20 సెకన్లు రుద్దండి. గోళ్ల సందులు, బొటనవేళ్లు ఎక్కువగా వదిలిపోయే చోట్లు. వేలికి తెగిన గాయమో చీము పట్టిన పుండో ఉంటే నీరు లోపలికి పోని పట్టీ, దాని పైన చేతితొడుగు.

పలకలు, గట్టు శుభ్రం చేయడానికి బ్లీచ్ వాడాలనుకుంటే కొలత ఇది: 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న, సువాసన కలపని బ్లీచ్ 4 మిల్లీలీటర్లు, లీటరు నీళ్లు. ముందు సబ్బుతో జిడ్డు, మెతుకులు పోయేలా తోమండి. మురికి మీద పోస్తే బ్లీచ్ మురికితోనే ఖర్చయిపోతుంది. తర్వాత ఈ నీళ్లతో తడిపి రెండు నిమిషాలు ఉంచి గాలికి ఆరనివ్వండి. ఏ రోజుకారోజు కలుపుకోవాలి, నిలవుంటే బలం తగ్గుతుంది. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తోగానీ అమ్మోనియా ఉన్నవాటితోగానీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

ఆహారాన్ని మాత్రమే దాచి గిన్నెలను, గరిటెలను, గ్లాసులను తెరిచి పెట్టడం ఇంకో లోపం. కడిగిన గ్లాసు అంచు మీద ఈగ నడిస్తే మీరు పెదవి ఆనించేది అక్కడే. కడిగినవాటిని బోర్లించి ఆరబెట్టండి. తాగునీటిని గ్లాసు ముంచి తీయకుండా కొళాయి ఉన్న పాత్రలోంచో పొడవు కాడ గరిటెతోనో తీయండి. ఎంత శుద్ధి చేసిన నీరైనా ఒక్క చెయ్యి మునిగితే అయిపోయింది.

కప్పడం, కడగడం అన్నీ రక్షణే. ఈగలు తగ్గాలంటే అవి పుట్టే చోటు చూడాలి. ఆడ ఈగ ఒక్కో విడతకు 75 నుంచి 150 గుడ్లు పెడుతుంది, అలా నాలుగైదు విడతలు. గుడ్లు ఒక్క రోజులోపే పొదుగుతాయి. వెచ్చని రోజుల్లో గుడ్డు ఈగ కావడానికి 7 నుంచి 10 రోజులు చాలు. ఇందులోంచి ఒక ఉపయోగకరమైన లెక్క వస్తుంది: తడి చెత్తను వారానికి కనీసం రెండుసార్లు ఇంటినుంచి దూరంగా పంపేస్తే పురుగు దశ పూర్తికాకముందే గొలుసు తెగుతుంది. వారానికోసారైతే కొత్త ఈగలు మీ బుట్టలోనే తయారవుతాయి. బుట్టకు బిగువైన మూత ఉండాలి. మూత ఉన్నా అడుగున కారిన చిక్కటి నీళ్లను వదిలేస్తే పురుగులు అందులోనే బతుకుతాయి. చెత్త పారేసిన ప్రతిసారీ బుట్టను కడిగి ఆరబెట్టండి. కంపోస్టు చేసేవాళ్లు తడి చెత్త మీద ప్రతిసారీ ఎండుటాకులో రంపపు పొట్టో దట్టంగా కప్పాలి. పశువుల, కోళ్ల పెంట దగ్గర్లో ఉంటే వంటిల్లు ఎంత శుభ్రంగా ఉన్నా ఈగలు వస్తాయి. అవి కిలోమీటరు, రెండు కిలోమీటర్లు సులువుగా ఎగరగలవు. పెంటను పల్చగా పరిచి ఎండబెడితే పురుగుకు కావలసిన తడి పోతుంది.

సింకు దగ్గర చిన్న చిమ్మటల్లా నూగు రెక్కలతో కనిపించేవి ఇంటి ఈగలు కావు, మురుగు ఈగలు. మురుగుగొట్టం లోపలి గోడకు పట్టిన జిగట పొరలో పెరుగుతాయి. మరిగే నీళ్లు పోస్తే పొర మీదుగా జారిపోతాయి, పురుగులు చావవు. పొడవాటి బ్రష్షుతో లోపలి గోడ గీకాలి. అక్కడినుంచే వస్తున్నాయా అని తేల్చుకోవడానికి రాత్రి గొట్టం మూతికి అంటుకునే టేపు, జిగురు కిందికి ఉండేలా, గాలి ఆడే సందు వదిలి అతికించండి. పొద్దున టేపుకు అంటుకుని ఉంటే జవాబు దొరికినట్టే.

బోనుల విషయంలో జాగ్రత్త. కరెంటుతో చంపే నీలిరంగు దీపాన్ని వంటగట్టు పైనో భోజనాల బల్ల పైనో వేలాడదీస్తే ఈగ చిట్లినప్పుడు ముక్కలు, వాటితోపాటు బాక్టీరియా చుట్టూ చిమ్ముతాయి. ఆహారం ఉండే గదిలో జిగురు పలక ఉన్న దీపమే మేలు, అదీ ఆహారానికి కనీసం ఒకటిన్నర మీటర్ల దూరంలో. కిటికీకి ఎదురుగా పెడితే బయటి ఈగలను పిలిచినట్టవుతుంది. ట్యూబు వెలుగుతున్నా ఏడాది తర్వాత ఈగలను ఆకర్షించే అతినీలలోహిత కాంతి తగ్గిపోతుంది, మార్చాలి. పండ్ల ఈగలకు గ్లాసులో రెండు చెంచాల వెనిగర్, ఒక చుక్క గిన్నెల సబ్బు చాలు. సబ్బు వల్ల వాలినవి తేలకుండా మునుగుతాయి. వడ్డించే బల్ల దగ్గర ఒక ఫ్యాను పెట్టడం నాకు నచ్చిన ఉపాయం. ఈగ గంటకు 7, 8 కిలోమీటర్ల వేగంతోనే ఎగురుతుంది, ఎదురుగాలిలో వాలలేదు. నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచులు వేలాడదీస్తే ఈగలు రావన్నదానికి ఆధారం లేదు.

మందు పిచికారీ చివరి మాటగా ఉండాలి. ఆహారం, పాత్రలు, గట్టు అన్నీ కప్పకుండా కొడితే ఈగ బదులు మందే కడుపులోకి పోతుంది. పైగా ఈగలు మందులకు త్వరగా అలవాటుపడతాయి. డీడీటీ వాడకం ఊపందుకున్న కొద్ది ఏళ్లకే, 1940ల చివరికే, దానికి లొంగని ఈగలు బయటపడ్డాయి.

బొద్దింకలు, ఎలుకలు, బల్లులు కూడా ఇదే కోవ. అవి ఎక్కువగా రాత్రిపూట వస్తాయి కాబట్టి పడుకునేముందు అంట్లు, మెతుకులు లేకుండా చూడాలి, పిండి, పప్పులు గట్టి డబ్బాల్లో పోయాలి. ఎలుక కొరికిన మూటలో కొరికిన చోటు తీసేసి మిగతాది వాడకండి, మూత్రం ఎక్కడెక్కడ పడిందో కనబడదు.

పసిపిల్లల ఆహారానికి మాత్రం ఏ మినహాయింపూ లేదు. పాలసీసా మూతిని తెరిచి పెట్టడం ఈగకు నేరుగా బిడ్డ నోట్లోకి దారి ఇవ్వడమే. డబ్బాపాల పొడి శుభ్రమైనదే గానీ సూక్ష్మజీవిరహితం కాదు. కాచిన నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకముందే కలిపి, చల్లార్చి పట్టాలి. కలిపిన రెండు గంటల్లో తాగనిది పారబోయాలి, తాగి వదిలేసింది అప్పుడే. మెత్తగా చేసి పెట్టే తిండి ఏ పూటకాపూట చేయండి. ఉదయం చేసి సాయంత్రం దాకా చెంచా అందులోనే ఉంచి పెట్టడం కన్నా ప్రమాదకరమైన అలవాటు వంటింట్లో మరొకటి లేదని నా ఉద్దేశం.

ఎవరికైనా కడుపు చెడితే చివరి భోజనాన్నే నిందిస్తాం, చాలాసార్లు అది నిర్దోషి. స్టెఫలోకాకస్ విషం, అన్నం విషం అరగంట నుంచి ఆరు గంటల్లో వాంతులు తెస్తాయి. పర్ఫ్రింజెన్స్ 6 నుంచి 24 గంటలు తీసుకుంటుంది. సాల్మొనెల్లా ఆరు గంటల నుంచి ఆరు రోజులు. టైఫాయిడ్‌కు వారం నుంచి నాలుగు వారాలు, కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ వైరస్‌కు 15 నుంచి 50 రోజులు. విరేచనాల్లో రక్తం పడినా, జ్వరం ఎక్కువైనా, మూత్రం తగ్గినా, పసిబిడ్డ నీరసించి తాగడం మానేసినా ఇంట్లో చిట్కాలతో కాలయాపన చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వాంతులు, విరేచనాలు అయినవాళ్లు అవి పూర్తిగా ఆగిన 48 గంటల దాకా వంట చేయకూడదు, ఎవరికీ వడ్డించకూడదు.